ఈక లేనివాళ్ల విందు

అనగనగా ఒక అడవిలో ఒక జింక ఉండేది. ముందుగా ఆ జింకకు ఒక దండం పెట్టండి, పిల్లలూ. ఎందుకని ఇప్పుడే అడక్కండి. కథ అయ్యేసరికి మీరే ఇంకోసారి పెడతారు.

ఆ అడవిలో ఒక ఇప్పచెట్టు కింద బడి ఉండేది. అది అందరి బడి. జింకపిల్ల పక్కన ముళ్లపంది పిల్ల, కోతిపిల్ల పక్కన ముంగిసపిల్ల కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్లు. పాఠం చెప్పేది తాబేలు పంతులమ్మ. ఆమెకు నడక నెమ్మది, ఓపిక ఎక్కువ. "నువ్వెవరి పిల్లవి?" అని ఆమె ఎవరినీ అడగలేదు. "నిన్నటి పాఠం వచ్చిందా?" అని మాత్రమే అడిగేది.

వానలు మొదలైతే ఇప్పచెట్టు కిందికి నీళ్లు వచ్చేవి. అందుకని ఏటా వానలకు ముందు పిల్లల తల్లిదండ్రులంతా ఒకచోట కలిసేవాళ్లు. కలిసి తినేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, వానాకాలంలో బడి ఎక్కడ పెట్టాలో తేల్చేవాళ్లు. దానికి బడి విందు అని పేరు.

తల్లిదండ్రులంతా అన్నాను కదా! తిరకాసంతా ఆ మాటలోనే ఉంది.

బడి విందు బడిలో జరిగేది కాదు. నెమలికోనలో జరిగేది. నెమలికోన అంటే నెమళ్ల క్లబ్బు. చల్లటి గాలి, చిన్న జలపాతం, కూర్చోవడానికి మెత్తటి పచ్చనాచు. దానికి అధ్యక్షుడు నీలకంఠం అనే నెమలి. ఆయన ఎవరికి ఈక ఇస్తే వాళ్లే మెంబర్లు. చెవిలో ఈక పెట్టుకుని వస్తే తలుపు తెరుచుకునేది. ఈక లేనివాళ్లు ఎవరైనా మెంబరు వెంట రావాలి. ఆ మెంబరు ఈక కిందే నడవాలి, ఈక కిందే కూర్చోవాలి. మెంబరు పక్కకు జరిగితే అతిథీ జరగాలి.

కోన వాకిలి మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి ఉండేది: "మనమంతా ఒకే గూటి పక్షులం." గూటికి తలుపెందుకో, తలుపుకు కాపలా ఎందుకో ఎవరూ అడగలేదు. కాపలా కాసేది ముంగిస ఓబయ్య. ఓబయ్య కొడుకూ ఆ బడిలోనే చదివేవాడు. అయినా ఓబయ్య ఏ ఏడూ విందు తినలేదు. తలుపు తెరిచేవాడు, మూసేవాడు.

పంతులమ్మకు ఈక ఉండేది. కానీ ఆమె బడి నుంచి బయల్దేరి కోన చేరేలోపే విందు అయిపోయేది. అందరూ తిరిగి వస్తూ దారిలో ఎదురయ్యేవాళ్లు.

"అంతా బాగా జరిగింది పంతులమ్మా!" అనేవాళ్లు.

"సంతోషం నాయనా," అని ఆమె వెనక్కి తిరిగేది.

ఇక పోలమ్మ సంగతి. పోలమ్మ ఒక ముళ్లపంది. నేల తవ్వి దుంపలు తెచ్చుకుని బతికేది. ఆమె కూతురు మొలక. మొలకా, చుక్క అనే జింకపిల్లా ఒకే పలక మీద రాసుకునేవాళ్లు. చుక్క తల్లి పేరు సారంగి. మొదట మీరు దండం పెట్టింది ఆ సారంగికే.

కిందటేడు పోలమ్మ విందుకు వెళ్లింది. ఓబయ్య వాకిట్లోనే ఆపాడు.

"ఎవరి ఈక కింద వచ్చావు పోలక్కా?"

"ఎవరి కిందా రాలేదు తమ్ముడూ. మొలక తల్లిగా వచ్చాను."

"అది చాలదంట అక్కా," అన్నాడు ఓబయ్య తల దించుకుని.

ఆమె వాకిట్లోనే నిలబడింది. పొద్దు వాలాక లోపలి నుంచి ఒక ఆకు పొట్లం వచ్చింది. అందులో తినగా మిగిలిన పళ్లున్నాయి. "మీ దయ," అంది పోలమ్మ. తల వంచుకుని పొట్లం అందుకుంది.

ఆ రోజు లోపల అందరూ కలిసి తేల్చింది ఏమిటంటే, వానాకాలం బడి గద్దగుట్ట మీద. గుట్ట ఎక్కాలంటే మధ్యలో ఒక పెద్ద చీలిక దూకాలి. జింకలు దూకుతాయి. కోతులు దూకుతాయి. కుందేళ్లు దూకుతాయి. నెమళ్లు ఎగురుతాయి. ముళ్లపందులూ ముంగిసపిల్లలూ దూకలేవు. చూడండి పిల్లలూ, లోపల కూర్చున్నవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. దూకలేనివాళ్లు ఎవరూ లేరు, అంతే. లేనివాళ్ల కష్టం ఉన్నవాళ్లకు గుర్తు రాలేదు.

పంతులమ్మను కోతులు వానలకు ముందే మోసుకెళ్లి అవతల దించాయి, వానలు తగ్గేదాకా ఆమె అక్కడే ఉండిపోయింది. మొలక ఆ వానాకాలమంతా చీలికకు ఇవతల కూర్చుంది. అవతల నుంచి ఎక్కాలు గాలికి కొట్టుకొచ్చేవి. ఏడో ఎక్కం దాకా వినబడింది. ఎనిమిదో ఎక్కం వాన హోరులో కలిసిపోయింది.

ఆ బడికి ఒక నియమం ఉంది. రెండు వానాకాలాలు వరసగా రాకపోతే ఆ పిల్ల చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అంటే ఈ ఏడు కూడా బడి గుట్ట మీద పెడితే మొలకకు ఇక బడి లేదు.

అందుకే ఈ ఏడు విందుకు మూడు రోజుల ముందే పోలమ్మ నీలకంఠం దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, విందు మన బడిలోనే పెట్టుకోకూడదా? అందరూ వస్తారు."

నీలకంఠం నవ్వాడు. నిజంగా మంచిగానే నవ్వాడు.

"బడిలో ఏముంది పోలమ్మా, దుమ్ము! కోనలో అయితే అన్నీ అమర్చి ఉంటాయి. అయినా నిన్ను రావద్దన్నదెవరు? ఎవరిదో ఒకరి ఈక కింద రా. మనదంతా ఒకే కుటుంబం."

దారిలో సారంగి ఎదురైంది. విషయం విని, "నా ఈక కింద రా వదినా. ఇంత చిన్నదానికి దిగులెందుకు?" అంది.

పోలమ్మ కళ్లు చెమర్చాయి. "మీ మేలు మరిచిపోను సారంగమ్మా," అంది. సారంగి ఆమెను 'వదినా' అనేది. పోలమ్మ మాత్రం 'సారంగమ్మా, మీరు' అనేది. ఎందుకో తిరిగి 'వదినా' అనడానికి నోరు వచ్చేది కాదు.

విందు రోజు వచ్చింది. పోలమ్మ తెల్లవారకముందే లేచి తీయదుంపలు తవ్వింది. ఎండకు కాలిన బండల మీద వాటిని మగ్గబెట్టింది. గంపనిండా తీసుకుని సారంగి వెంట కోనకు వెళ్లింది.

వాకిట్లో ఓబయ్య నెమ్మదిగా అన్నాడు, "అక్కా, బయటి తిండి లోపలికి తీసుకెళ్లకూడదంట." గంప వాకిట్లో ఉండిపోయింది.

"అక్కా, ముళ్లు తగిలితే పచ్చనాచు చిరుగుతుందంట." పోలమ్మ ఒంటి చుట్టూ అడ్డాకులు కప్పి తీగతో కట్టేశారు.

"ఇంకొకటి అక్కా, లోపల అతిథులు మాట్లాడకూడదంట."

"ఊపిరి పీల్చుకోవచ్చా తమ్ముడూ?" అంది పోలమ్మ.

"దాని గురించి ఇంకా ఏమీ రాయలేదు. తొందరగా వెళ్లు అక్కా," అన్నాడు ఓబయ్య.

లోపల సారంగి నీళ్ల దగ్గరికి వెళితే పోలమ్మ ఆ వెనకే పరుగెత్తింది. సారంగి ఎవరినో పలకరించడానికి ఒక్క గెంతు గెంతితే పోలమ్మ పడుతూ లేస్తూ ఆ ఈక కిందికి చేరింది. ఒక కుందేలమ్మ వంగి చూసి, "సారంగీ, ఈ మూటలో ఏం తెచ్చావే?" అంది. అందరూ నవ్వారు. సారంగి కూడా సగం నవ్వింది. మిగతా సగం నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పుడే ఆమె కిందికి చూసింది. ఆకుల మధ్య నుంచి రెండు కళ్లు ఆమెనే చూస్తున్నాయి.

అంతలో నీలకంఠం పింఛం విప్పాడు.

"కిందటేడు గద్దగుట్ట మీద బడి భేషుగ్గా జరిగింది. ఈ ఏడూ అక్కడే. సరేనన్నవాళ్లు తోకలు ఎత్తండి!"

తోకలన్నీ లేచాయి.

"కాదన్నవాళ్లు?"

కట్టిన ఆకుల్లోంచి గలగలమని చప్పుడైంది. పోలమ్మ తోక ఎత్తింది.

నీలకంఠం చిరునవ్వుతో అన్నాడు, "అతిథులకు తోక ఉండదమ్మా."

మళ్లీ నవ్వులు. పోలమ్మ తోక దించింది. ఏమీ అనలేదు. అనడానికి వీల్లేదు కదా.

సారంగి చెవిలో ఈక బరువెక్కింది. ఆ ఈక కోసం ఆమె ఐదేళ్లు ఎదురుచూసింది. ఆ ఈక ఉంటేనే చుక్క జలపాతం కింద ఆడుకోగలదు. పోనీ, పోలమ్మ తరఫున తానే నాలుగు మాటలు చెప్పి కూర్చోవచ్చు. అందరూ "అయ్యో పాపం" అంటారు. మళ్లీ తింటారు. నోరున్న తల్లిని పక్కన మూటలా కూర్చోబెట్టి, ఆమె మాట తాను చెప్పడమేమిటి?

సారంగి చెవిలోంచి ఈక తీసింది. నాచు మీద పెట్టింది. తన విస్తరి నోట కరుచుకుంది. వాకిలి దాటి బయటికి వచ్చి దుమ్ములో కూర్చుంది. ఈక లేదు కనుక పోలమ్మ కూడా లోపల ఉండటానికి లేదు. ఆమె కూడా వచ్చింది. సారంగి తీగను పళ్లతో కొరికి ఆకులన్నీ విప్పేసింది.

"వెన్ను బాగా విదిలించుకో వదినా. విందు ఇక్కడ తిందాం."

పోలమ్మ ఒళ్లు విదిలించింది. గంప మీద ఆకు తీసింది. మగ్గిన దుంపల వాసన గుప్పుమంది. ఆ వాసన లోపలికి పోవడానికి ఎవరి ఈకా అక్కర్లేకపోయింది.

ముందుగా కోతి వచ్చాడు. "నేనేదో న్యాయం కోసం వచ్చాననుకునేరు. దుంప కోసం వచ్చాను," అన్నాడు. తరవాత కుందేలమ్మ వచ్చింది. పోలమ్మ ముందు నిలబడి, "మూట అన్నాను. నా నోరు పడిపోను," అంది. పోలమ్మ కాస్త జరిగి చోటిచ్చింది. తరవాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఓబయ్య తలుపు మూయాలో తెరవాలో తెలియక కాసేపు తికమకపడ్డాడు. చివరికి తలుపు వదిలేసి తానూ వచ్చి కూర్చున్నాడు. అన్నేళ్లలో అదే అతని మొదటి విస్తరి.

సరిగ్గా అప్పుడే దారి మలుపులో తాబేలు పంతులమ్మ కనిపించింది.

"ఓహో, ఈసారి విందు బయటా? బతికించారు నాయనా. మొదటిసారి తిండి ఉండగా వచ్చాను!" అంది. కూర్చుని, రెండు ముద్దలు తిని, అడిగింది: "వానాకాలం బడి ఎక్కడ అనుకున్నారు?"

"గద్దగుట్ట మీద," అన్నాయి రెండు గొంతులు.

"కిందటేడు మొలక ఎందుకు రాలేదో, ఓబయ్య కొడుకు ఎందుకు రాలేదో నేను అడిగితే 'ఒంట్లో బాగాలేదేమో' అన్నారు. నిజమేనా పోలమ్మా?"

అందరూ పోలమ్మ వైపు చూశారు.

"బాగానే ఉంది పంతులమ్మా," అంది పోలమ్మ. "అది చీలిక దూకలేకపోయింది. ఇవతల కూర్చుని ఎక్కాలు విన్నది. ఏడో ఎక్కం దాకా వచ్చు. ఎనిమిదోది వినబడలేదు."

పంతులమ్మ కళ్లు తుడుచుకుంది.

"నా కొడుకూ అంతే," అన్నాడు ఓబయ్య. ఇన్నేళ్లలో బడి గురించి అతను అన్న మొదటి మాట అది.

అప్పుడు పోలమ్మ, "ఎర్రబండ కింద ఒక గుహ ఉంది. ఏ వానకూ తడవదు. నడిచి పోవచ్చు, పాక్కుంటూ కూడా పోవచ్చు," అంది. గుట్టల మీద తిరిగేవాళ్లకు ఆ గుహ కనబడలేదు. నేల తవ్వేదానికి తెలుసు. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. పోలమ్మకు ఏ గుహా తెలియకపోయినా ఆమెకు ఆ విందులో చోటు ఉండాల్సిందే. చోటు ఒకరు పెట్టే భిక్ష కాదు. తల్లి అయినందుకే ఆ చోటు ఆమెది.

ఈసారి అందరి తోకలూ లేచాయి. పోలమ్మ తోక అన్నిటికంటే గట్టిగా గలగలలాడింది. బడి ఎర్రబండ గుహలో అని తేలిపోయింది.

లోపల నీలకంఠం ఒక్కడే మిగిలాడు. ఎదురుగా పళ్ల గుట్ట. విప్పిన పింఛం చూడటానికి ఎవరూ లేరు. కాసేపు చూసి చూసి, పింఛం ముడుచుకుని వాకిలి దాకా వచ్చి నిలబడ్డాడు.

ఓబయ్య నోరు ఊరుకుంటుందా? "అయ్యగారూ, తమరు ఎవరి ముల్లు కింద వచ్చారు?" అన్నాడు.

ఘొల్లుమని నవ్వారు. నీలకంఠం మెడ ఇంకా నీలంగా మారింది.

పోలమ్మ మాత్రం నవ్వలేదు. "ఊరుకో తమ్ముడూ. ఇక్కడ ఎవరి కిందా రానక్కర్లేదు. కూర్చోండి అయ్యగారూ, దుంప చల్లారిపోతోంది," అంది.

నీలకంఠం కూర్చున్నాడు. తోక నిండా దుమ్ము అంటుకుంది. దుంప తిన్నాడు. "ఇది బాగుంది పోలమ్మా," అని, ఇంకో దుంప అందుకుంటూ, "తప్పయింది," అన్నాడు.

చుక్కకు జలపాతం పోలేదు లెండి. నీలకంఠమే మర్నాడు కబురు పెట్టాడు. కానీ సారంగికి ఆ రోజు ఆ సంగతి తెలియదు. పోయిందనుకునే లేచి వచ్చింది. అందుకే ఆమెకు దండం.

నెమలికోన ఇప్పటికీ ఉంది. నెమళ్లు అక్కడ ఆడుకుంటాయి, పాడుకుంటాయి. అది వాళ్ల ఇష్టం. బడి విందు మాత్రం ఆ మరుసటేడు నుంచి ఇప్పచెట్టు కిందే. దుమ్ములోనే. అందరికంటే వెనక వచ్చే పంతులమ్మ చేరేదాకా ఎవరూ మొదటి ముద్ద ముట్టరు.

ఆ విందు రోజు సాయంత్రం సారంగితో ఇంటికి వెళుతూ పోలమ్మ దారిలో ఆగింది. కిందటేడు పొట్లం అందుకుని "మీ దయ" అంది. మూడు రోజుల కిందట ఈక కిందికి రమ్మంటే "మీ మేలు" అంది. ఆ రెండుసార్లూ ఆమె తల వంగే ఉంది. ఇప్పుడు తలెత్తి సారంగి కళ్లలోకి చూసింది.

"చల్లగా ఉండు వదినా," అంది.

ఆ వానాకాలం ఎర్రబండ గుహలో మొలక ఎనిమిదో ఎక్కం నేర్చుకుంది. బయట ఎంత వాన పడినా, గుహ చివర దాకా వినబడేలా చదివింది.

నీతి: అందరి పండగను కొందరి తలుపు వెనక పెట్టకూడదు. బయట ఉన్నవాళ్లను మన నీడన లోపలికి తీసుకెళ్లడం కంటే, మనమే విస్తరి తీసుకుని బయటికి వచ్చి వాళ్ల పక్కన కూర్చోవడం మేలు.