కోరయ్య చెలమ

అనగనగా ఒక ఏరు. పేరుకే ఏరు సుమా, వేసవి వచ్చిందంటే కనుచూపుమేరా ఇసుకే. ఆ ఇసుకలో లోతుగా గొయ్యి తవ్వితే అడుగున నీళ్లూరతాయి. ఆ గొయ్యినే చెలమ అంటారు.

ఏటి ఒడ్డు అడవిలో కోరయ్య అని ఒక అడవిపంది. ఇసుక తవ్వడంలో వాడిని మించినవాడు లేడు. ఒక ఏడు ఎండలు ముందే ముదిరితే, వాడు అందరినీ పిలిచాడు.

"చెలమ నేను తవ్వుతాను. తిండి లేందే తవ్వలేను గదా. ఈ ఒక్క ఏడూ మీ మేత నాకు వదిలేయండి. ఆ తర్వాత మీరు బతికున్నన్నాళ్లూ ఈ నీళ్లు మీవి. మళ్లీ ఏమీ అడగను," అన్నాడు.

ఎలుగుబంటి తాత తన తునికిపళ్లు వదులుకున్నాడు. చుక్కమ్మ అనే దుప్పి నిండు కడుపుతో ఉండి కూడా, ఇప్పచెట్ల కింద రాలిన పువ్వంతా ఇచ్చేసింది. ఎండుటాకులు నమిలి ఆ వేసవి గడిపింది. పుట్టబోయే బిడ్డకి దాహం బాధ ఉండదు, అంతే చాలనుకుంది పిచ్చితల్లి.

చెలమ గట్టు ఇసుక జారి రోజూ పూడుతుంది. అందుకని వచ్చినవాళ్లు ముందు ఇంత ఇసుక ఎత్తిపోసి, ఆ తర్వాతే మూతి పెట్టేవాళ్లు. ఎవరూ చెప్పలేదు. మన చెలమ కదా అని చేసేవాళ్లు.

మరుసటి వేసవికి కొండ అవతలి కణుజులనే పెద్ద జింకల మంద కూడా తమ మేత కోరయ్యకు అప్పగించి నీళ్లకు వచ్చింది. అక్కడ మారింది వాడి బుద్ధి.

"పాతవాళ్లు పొద్దెక్కాక రండి. తెల్లవారి తేటనీళ్లు కొత్తవాళ్లకి," అన్నాడు. పాతవాళ్లు సర్దుకుని బురదనీళ్లే తాగారు.

కొన్నాళ్లకు చుక్కమ్మ పిల్ల చెలమలోకి వంగబోతే కోర అడ్డం పెట్టాడు. "మాట నీకిచ్చాను చుక్కమ్మా, నీ పిల్లకి కాదు."

"అది తాగేది ఎంత మావా, నా వంతులోనే తాగుతుంది," అంది చుక్కమ్మ. ఆ రోజునుంచి తల్లి సగం తాగి, సగం పిల్లకి వదిలేది.

అదీ సహించలేకపోయాడు. పాత చెలమ పూడ్చేసి, రెండడుగులు పక్కకి జరిగి మరో గొయ్యి తవ్వాడు. "నేను మాటిచ్చింది ఆ చెలమకి. ఇది కొత్త చెలమ. కావాలంటే మళ్లీ మేత తెచ్చుకోండి," అన్నాడు. నీళ్లు అవే, ఇసుక అదే! ఎంత తెగించాడో చూశారా పిల్లలూ?

చుక్కమ్మ దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది? మూడోనాటి మధ్యాహ్నం ఆ పిల్ల, నీటి వాసన తగిలేంత దగ్గర్లోనే, ఇసుక మీద పడి ప్రాణం విడిచింది. తల్లి దాన్ని నాకుతూ పొద్దుగూకేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు ఎలుగుబంటి తాత అరిగిన గోళ్లతోనే ఎగువన తవ్వడం మొదలుపెట్టాడు. "రేపటి మాట నేను చెప్పలేను. ఇవాళ తవ్వినవాళ్లం ఇవాళ తాగుదాం," అన్నాడు. పాతవాళ్లంతా అతని వెంట నడిచారు. పాతవాళ్లకు పట్టిన గతి చూసిన కణుజులు కూడా వెళ్లిపోయాయి.

ఇక కోరయ్య చెలమలో ఇసుక ఎత్తేదెవరు? రోజురోజుకీ పూడుతుంటే వాడొక్కడే లోతుకు, ఇంకా లోతుకు తవ్వుకుంటూ పోయాడు. ఒకనాడు గట్టు ఒక్కసారిగా విరిగి పడింది. మెడదాకా కూరుకుపోయాడు.

గొంతు చించుకుని అరిచాడు. ఎగువన తవ్వుతున్నవాళ్లకు వినిపించింది.

"ఏమంటున్నాడు తాతా?" అని అడిగింది చుక్కమ్మ.

తాత చెవి ఒగ్గి విన్నాడు. "రండి, బతికున్నన్నాళ్లూ ఊరికే నీళ్లిస్తాను అంటున్నాడు."

చచ్చిపోతున్నాను అని అరిచి ఉంటే చుక్కమ్మే ముందు పరుగెత్తేది, అంత మెత్తని మనసు దానిది. ఈ మాట మాత్రం అది ఒకసారి విని ఉంది. తల వంచుకుని ఇసుక ఎత్తిపోసింది. కాసేపటికి ఆ అరుపు ఆగిపోయింది. బేరం కుదరక ఊరుకున్నాడు కాబోలు అనుకున్నారందరూ.

అవసరం తీరగానే మాట తప్పినవాడు, ప్రాణం మీదికొచ్చి నిజం పలికినా నమ్మేవాళ్లుండరు.