మూడో కప్పు

హాస్టల్లో హీరుత్ గది ఖాళీ అయిన రోజు ప్రవల్లిక కొండవాలు దర్గాకు దాదాపు పరుగున వచ్చింది.

అరుగు మీద మస్తాన్ బాబా కిరసనాయిలు స్టవ్ ముందేసుకుని వత్తులు సరిచేస్తున్నాడు. యూనివర్సిటీ పిల్లలు కొందరు గురువారాలు ఆయన దగ్గరికి వస్తుంటారు. ప్రవల్లిక రెండేళ్ళుగా వస్తోంది. లోకం మీద తనకున్న కోపమంతా ఆయన ముందే కుమ్మరిస్తుంది. ఆయన్నే గురువంటుంది.

"హీరుత్ వెళ్ళిపోయింది బాబా. చదువైపోయింది కదా, ఇక ఇథియోపియా నుంచి రాదట. వార్డెన్ చెబితే తెలిసింది నాకు."

"తెలుసు బేటీ. నిన్న వచ్చి చెప్పి వెళ్ళింది."

ప్రవల్లిక చెప్పులు విడిచి అరుగెక్కింది.

"మీకు చెప్పిందా? మిమ్మల్ని తను చూసింది ఒక్కసారే. నేను రెండేళ్ళు పక్క గదిలో ఉన్నాను. తన కోసం డీన్‌తో ఎన్ని గొడవలు పెట్టుకున్నాను. నాకెందుకు చెప్పలేదు?"

బాబా వత్తులు పైకి లాగుతూ ఉండిపోయాడు.

గొడవలు పెట్టుకున్న మాట నిజం. యూనివర్సిటీ ఏటా ప్రపంచ సంస్కృతుల దినం జరుపుతుంది. దేశానికో బల్ల, బల్లకో జెండా, జెండా పక్కన ఆ దేశపు బట్టలు కట్టుకున్న ఒక విద్యార్థి. ముఖ్య అతిథి బల్ల బల్లకూ ఆగుతాడు, ఫొటో దిగుతాడు, తర్వాతి దేశానికి పోతాడు. చదువుకోవడానికి వచ్చిన మనుషుల్ని ఒక్కపూట బొమ్మల కొలువులా నిలబెట్టి, మిగతా ఏడాదంతా మెస్‌లో వాళ్ళ పక్కన కూడా ఎవరూ కూర్చోని యూనివర్సిటీ అది.

ఈసారి అలా జరగనివ్వనని ప్రవల్లిక పంతం పట్టింది. హీరుత్ వాళ్ళ దేశంలో కాఫీ అంటే పెద్ద మర్యాద. వచ్చినవాళ్ళ ఎదుటే పచ్చి గింజలు వేయించి, ఆ వాసన వాళ్ళకు అందించి, దంచి, మట్టి కూజాలో కాచి పోస్తారు. ఆదివారాలు హాస్టల్ మేడ మీద హీరుత్ అలాగే కాచేది. పండాల్లో నిప్పు పనికిరాదని డీన్ అంటే, ప్రవల్లిక ఆయన గది ముందు బైఠాయించి అనుమతి తెచ్చింది. బల్ల వెనక సొంత చేత్తో రాసిన బ్యానర్ కట్టింది: 'సంస్కృతి సంతలో సరుకు కాదు. ఎవరి గొంతు వారిదే.' బాబాను కూడా పిలిచి పక్కన కుర్చీ వేసింది.

"మైకు కూడా పోట్లాడి తెచ్చాను బాబా."

"విన్నాను. బాగా మాట్లాడావు."

"తను మాట్లాడితే ఎవరు వింటారు, అందుకే నేను..." అని ఆగింది.

ఆ రోజు హీరుత్ మొదటి విడత కప్పులు నింపింది. ముఖ్య అతిథి ఒక గుక్క తాగి, ఫొటో దిగి, పక్క దేశానికి నడిచాడు. గుంపంతా ఆయన వెనకే పోయింది. ఇది అవమానమని నిలదీయడానికి ప్రవల్లిక కూడా మైకుతో ఆయన వెనకే పోయింది. వాదన చాలాసేపు సాగింది. తిరిగొచ్చేసరికి హీరుత్ కప్పులు కడుగుతోంది, బాబా కుర్చీ ఖాళీగా ఉంది. ముసలాయన, అలిసిపోయి వెళ్ళి ఉంటాడనుకుంది.

ఆ తర్వాత ఏ ఆదివారమూ మేడ మీద గింజలు వేగిన వాసన రాలేదు. అడిగితే, పరీక్షలంది హీరుత్.

"వాళ్ళు చేసిన అవమానమే తన మనసు విరిచేసింది," అంది ప్రవల్లిక. "నేను ఊరుకోను."

బాబా స్టవ్ వెలిగించాడు. పాలు లేని టీ కాచి, వడగట్టి, గ్లాసు అందించాడు. ఆమె గబగబా తాగేసి గ్లాసు పక్కన పెట్టింది.

"వస్తాను బాబా. కమిటీ మీటింగుంది."

ఏ గురువారమైనా అంతే. టీ తాగడం, లేవడం.

బాబా టీ ఆకు పారబోయలేదు. అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టాడు.

"ఇంకొంచెం కూర్చో," అన్నాడు.

చెప్పులో పెట్టిన కాలు అక్కడే ఆగిపోయింది.

ఆ మాట హీరుత్‌కు నేర్పింది ప్రవల్లికే. ఆదివారం మొదటి కప్పు తాగి తను లేవగానే, హీరుత్ కూజాలో మళ్ళీ నీళ్ళు పోస్తూ, "ఇంకొంచెం కూర్చో" అనేది. మర్యాదకు అంటోందనుకుని, "వచ్చేవారం కూర్చుంటాలే" అంటూ తను మెట్లు దిగిపోయేది.

"మళ్ళీ నీళ్ళెందుకు పోస్తుందో నేనెప్పుడూ అడగలేదు," అంది మెల్లగా.

"మూడుసార్లు కాస్తారట," అన్నాడు బాబా. "మూడోది తాగకుండా లేవకూడదట. దాన్ని బరకా అంటారట. దీవెన. మేం బర్కత్ అంటాం చూడు, అదే. అంత దూరంలోనూ అదే మాట."

"అయితే ఆ రోజు మీరు..."

"నాకేం పనుంది, కూర్చున్నాను. రెండో కప్పు దాకా ఆ పిల్ల నోరు విప్పలేదు. మూడో కప్పుకు వాళ్ళమ్మ సంగతి చెప్పింది."

"వాళ్ళమ్మకేమైంది?"

బాబా కాగుతున్న నీళ్ళవైపు చూస్తున్నాడు.

"అది నీకు చెప్పాలనుకుంది బేటీ. రెండేళ్ళు."

ప్రవల్లిక చెప్పులోంచి కాలు తీసి మళ్ళీ అరుగెక్కింది. ఫోను మోగింది. మోగి మోగి ఆగింది.

రెండోసారి టీ పల్చగా, దాదాపు రంగు లేకుండా వచ్చింది. ఆమె గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తల వంచుకుని కూర్చుంది.

బాబా మూడోసారి నీళ్ళు పోశాడు.