జల్లెడమ్మ తోటలో తేట తీసే ఆచారం

2023 జూలై 16, ఆదివారం, ఆషాఢ బహుళ చతుర్దశి. తెల్లవారకముందే మొదలైన పడమటి గాలి మధ్యాహ్నం దాకా ఈడ్చికొట్టింది. వాన మాత్రం నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది. ఆనాడు మొగిలివలస జల్లెడమ్మ తోటకు వచ్చిన భక్తులు దర్శనానికి మూడు గంటలు ఆగవలసి వచ్చింది. గుడి తలుపులు తెరిచే ఉన్నాయి. తోటలోని కొలను మీద మాత్రం కానుగాకు పరుచుకుని ఉంది. నీటి మీద ఆకు ఉండగా ఇక్కడ ఎవరూ అమ్మ ముందు చేతులు జోడించకూడదు. పొడవాటి కర్రకు కట్టిన వెదురు జల్లెడ అందుకుని, ఒక్కసారైనా ఆకు తీసి గట్టున పోసి, ఆపైన లోపలికి వెళ్ళాలి. దీనినే తేట తీయడం అంటారు.

ఆనాడు కారు దిగిన ఒక పెద్దమనిషి, తాము భూపతుల వంశీకులమని, తమను నేరుగా లోపలికి పంపమని అడిగారు. గుడి చూసుకునే రవణమ్మ జల్లెడ ఆయన చేతికిచ్చి, "అయితే బాబూ, తమరు రెండుసార్లు తియ్యాల" అన్నది. ఎందుకన్నదో తెలియాలంటే పాత సంగతిలోకి వెళ్ళాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఇది దొరల పూలతోట. కొలను తవ్వించిన పెద భూపతి మంచివాడు. మంచివారి మనుమలు ఎలా ఉంటారన్నది వేరే పురాణం. ఆయన గట్టు మీద రాయి నాటి, "ఈ నీట వేసిన గవ్వ అడుగున కనబడినంతకాలం ఊరివారు దీనిని త్రాగవచ్చును. కనబడని నాడు కొలను మా వంశానిది" అని చెక్కించాడు. నీరు తేటగా ఉంచే పని ఒక తోటమాలి ఇంటికి అప్పగించాడు. ఆ పని అత్త చేతి నుంచి కోడలి చేతికి మారుతూ, మనుమడు వీరభద్ర భూపతి నాటికి సూరీడమ్మకు వచ్చింది.

ఆ ఏడు వానలు లేవు. ఊరి బావులన్నీ ఎండి, కొలను ఒక్కటే మిగిలింది. ఆ నీటిని తన చెరకు తోటకు మళ్ళించుకోవాలని భూపతికి బుద్ధి పుట్టింది. తాత మాట రాతి మీద ఉంది కనుక ఊరివారిని వద్దనలేడు. సూరీడమ్మను పిలిపించాడు.

"అమ్మవారు కలలో కనబడి, కొలను ముట్టవద్దన్నదే. రేపటి నుంచి జల్లెడ మూల పెట్టు."

సూరీడమ్మ అమ్మవారి మాట జవదాటే మనిషి కాదు. కాని ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూసింది.

"ఏటి బాబూ, పని నాదైతే కల తమరికొచ్చినాదా? మా గుడిసెకి దారి అమ్మోరికి తెల్దా?"

భూపతి జల్లెడ విరగ్గొట్టించాడు. ఆమె ఇంట్లో పిండి జల్లెడను కర్రకు కట్టింది. అదీ లాక్కున్నారు. పాత చీర ముక్కతో తీసింది. గుడిసె పీకించాడు. మొగిలి పొద చాటున పడుకుని, తెల్లవారేసరికి మళ్ళీ గట్టెక్కింది.

చివరికి భూపతి ఆషాఢ బహుళ చతుర్దశి నాడు గవ్వ పరీక్ష అని చాటించి, ఆ ఉదయమే నౌకర్ల చేత గోతాలకొద్దీ ఊక కొలనులో కుమ్మరింపించాడు. బురద పోయించి ఉంటే గెలిచేవాడేమో! కాని ఆయన ఏనాడూ నీళ్ళలో చెయ్యి పెట్టి ఎరగడు. ఊక తేలుతుందని, తేలేది ఏదైనా జల్లెడకు చిక్కుతుందని ఆయనకు చెప్పేవారు ఎవరు?

కబురు విని ఊరి ఆడవారు ఇరవైమంది జల్లెడలతో పరుగెత్తుకొచ్చారు. సూరీడమ్మకూ ఒకటి తెచ్చారు. వచ్చీరాగానే నీటిని బాదడం మొదలుపెట్టారు.

"ఓలమ్మా, కెలకీకండే! అడుగు లేచిందంటే దొర సెయ్యలేని పని మనమే సేసినట్టు!" అని సూరీడమ్మ గద్దించింది.

గాలికి ఎదురు తీయకూడదు. గాలి చెత్తను ఏ మూలకు తోలుతుందో ఆ మూలన కాచుకుని, మజ్జిగ మీద వెన్న తీసినట్టు తీయాలి. పంటకు చేటని రైతులు తిట్టుకునే పడమటి గాలే ఆనాడు ఊకనంతా తూర్పు గట్టుకు తోసిపెట్టింది.

మధ్యాహ్నం భూపతి పల్లకి దిగాడు. కరణం సీతాపతి గవ్వ వేశాడు. అది అడుగున పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నట్టు తెల్లగా కనబడింది.

"సరిగ్గా చూడవయ్యా" అన్నాడు భూపతి.

"చూశాను. తమరూ చూశారు" అన్నాడు కరణం.

ఆడవారు ఎవరి జల్లెడ వారు తీసుకున్నారు. సూరీడమ్మకు తెచ్చినదీ పోగా, తూర్పు గట్టున ఇంకొకటి మిగిలింది. అది ఎవరిదీ కాదు. ఎత్తబోతే కదలలేదు. తడిమితే రాయి. సూరీడమ్మ దాని ముందు చేతులు జోడించి, "అయితే అమ్మోరికి దారి తెల్సన్నమాట" అన్నది.

ఆ రాతి జల్లెడే నేటి మూలవిరాట్టు. నేటికీ ఏటా ఆషాఢ బహుళ చతుర్దశి నాడు, ఆకు తీయడం అయ్యాక మధ్యాహ్నం ఊక చల్లి, తేట తీసి, గవ్వ వేస్తారు. ఇక్కడ తేట తీసినవారి ఇంట నీటికి కొరత, మనసుకు మురికి ఉండవని నమ్మకం.

సూరీడమ్మ జల్లెడ ఆమె కోడలికి, ఆపైన ఆమె కోడలికి చెందుతూ నేడు రవణమ్మ చేతిలో ఉంది. కొడుక్కు తిరిగి కట్టిన గుడిసె దక్కింది. గవ్వ వేసే హక్కు కరణం వంశానికి వచ్చింది. నీళ్ళు ఊరివి. భూపతి వంశానికి ఏమీ రాలేదు. కారు దిగిన పెద్దమనిషి ఆనాడు రెండుసార్లు తీశారు. ఆయన జల్లెడలో వచ్చినవి మూడు ఆకులు.