ఓబులేసు మడమ నొప్పి

కదిరి దగ్గర కొండమడుగు అనే పల్లెలో ఓబులేసు అనే చెక్కభజన గురువు ఉండేవాడు. శిష్యులకు నేర్పేటప్పుడు కొండంత ఓపిక చూపేవాడు కానీ, తన ఒంటి విషయానికి వచ్చేసరికి మూడు రోజులు కూడా ఆగలేకపోయేవాడు.

చెక్కభజన చూడనివాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెబుతాను, వినండి. చేతిలో గలగలలాడే చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, నోట రామనామం. అందరూ ఒక్క మనిషిలా అడుగు వేయాలి. మడమ నేలను తాకిన చప్పుడూ, చెక్కల చప్పుడూ ఒకటైతేనే అది భజన. లేకపోతే ఉత్త గోల. అందుకే ఓబులేసు ఒక కట్టుబాటు పెట్టాడు. మొదటి అడుగు ఒక్కటే పదకొండు రోజులు నేర్పేవాడు. అది కుదరకముందే ఎవరైనా రెండో అడుగు అడిగితే, వాళ్ళ చెక్కలు తీసుకుని భజన మందిరంలో రాములవారి పటం ముందు పెట్టేవాడు. "అడుగు కాలికి వచ్చినాక తీసుకుందువులే" అనేవాడు. అంతవరకు ఆ మనిషి వట్టి చేతులతో అడుగులు వేయాల్సిందే.

ఆ ఏడు మొదటిసారిగా ఊళ్ళో ఆడవాళ్ళు జట్టు కట్టారు. పదహారు మంది. వాళ్ళలో పెద్దది తిమ్మక్క. వేరుశనగ చేలల్లో పనిచేసే మనిషి, నోరు కాస్త జోరు. శ్రీరామనవమికి గజ్జెపూజ అని ముందే అనుకున్నారు. గజ్జెపూజ అంటే నేర్చుకున్న విద్యను దేవుడి ముందు మొదటిసారి చూపే రోజు. ఆ ఊరి ఆచారం ప్రకారం గురువు ముందు నిలబడి మొదటి అడుగు వేయాలి. ఆ తర్వాతే శిష్యుల గజ్జె కదలాలి. గురువు అడుగు పడకపోతే పూజే లేదు. "ఆడోళ్ళకు భజనేంటి?" అని మూతి విరిచినవాళ్ళు ఊళ్ళో ఉండనే ఉన్నారు. పూజ ఆగితే వాళ్ళ నోళ్ళకు పండగ!

అట్లాంటి సమయంలో, కార్తీకమాసంలో ఒక పొద్దున ఓబులేసు మంచం దిగి కాలు కింద పెట్టాడు. కుడి మడమలో మేకు దిగినట్టయింది. "రామచంద్రా!" అంటూ మంచం మీద కూలబడ్డాడు. కాసేపు నడిస్తే సర్దుకుంది. మర్నాడు మళ్ళీ అదే నొప్పి. కూర్చుని లేచినప్పుడల్లా అదే నొప్పి.

భార్య సుంకమ్మ ఇటుక వేడిచేసి, మీద జిల్లేడాకు పరిచింది. "దీని మీద మడమ ఆనించు, హాయిగా ఉంటుంది" అంది. హాయిగానే ఉంది. మూడో రోజు ఓబులేసు, "ఇంకా తగ్గలేదే! ఇటుక ఇంకా బాగా కాల్చు" అన్నాడు. మడమ బొబ్బలెక్కింది. ఇటుక పెరట్లోకి పోయింది.

తర్వాత మెత్తటి చెప్పులు కొన్నాడు. వీధిలో మాత్రమే వేసుకునేవాడు. ఇంట్లో బండల మీద, భజన మందిరం ముందు సిమెంటు అరుగు మీద వట్టి కాళ్ళతోనే తిరిగేవాడు. మూడు రోజులు చూసి "ఇవీ దండగే" అన్నాడు. పక్క ఊరి నూనె మూడు రోజులు, మాత్రలు మూడు రోజులు. అన్నీ అలాగే పెరటి దారి పట్టాయి.

చివరికి పట్నంలో ఒక డాక్టరు మడమకు సూది వేశాడు. "నొప్పి తగ్గుతుంది. కానీ కొన్ని వారాలు గెంతొద్దు" అన్నాడు. ఓబులేసు మొదటి మాటే చెవిన వేసుకున్నాడు. రెండు రోజులకు నొప్పి మాయం! ఇంకేముంది? సాయంత్రం అరుగెక్కి, జోరు అడుగులన్నీ రెండు గంటలు తొక్కి చూపించాడు. ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. మీరూ మురిసిపోతున్నట్టున్నారు, కాస్త ఆగండి. పదిహేను రోజులు తిరక్కుండానే నొప్పి తిరిగొచ్చింది. ఈసారి మునుపటికంటే ఎక్కువగా వచ్చింది.

"ఇంకో సూది వేయండి సార్" అని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

"వెంటవెంటనే వేస్తే మడమ కిందుండే నారలాంటి పట్టీ బలహీనపడుతుంది, తెగినా తెగొచ్చు" అని డాక్టరు ఒప్పుకోలేదు. పక్క గదిలో కసరత్తులు నేర్పే షాహీన్ అనే అమ్మాయి దగ్గరికి పంపాడు.

షాహీన్ ఆయన అరికాలు నొక్కి చూసింది. "మీ మడమ నుంచి వేళ్ళ దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది పెద్దాయనా. మడమతో నేలను తొక్కీ తొక్కీ అది దెబ్బతింది. ఇంతవరకు ఏమేం చేశారు?"

ఓబులేసు గర్వంగా అన్నీ ఏకరువు పెట్టాడు.

"వీటిలో ఏది పనిచేసింది?"

ఓబులేసు ఒక్కోదాన్నీ మళ్ళీ తలుచుకున్నాడు. ఏదీ తేలలేదు. దేన్నీ పనిచేసేంతవరకు ఉండనిస్తే కదా!

"సరే, నేను చెబుతా" అంది షాహీన్. "వేడి హాయినిస్తుంది, కాల్చుకోకపోతే తప్పులేదు. సూది నొప్పిని కొన్నాళ్ళు అణుస్తుంది, అంతే. మెత్తటి చెప్పులు మంచివే, ఇంట్లో కూడా వేసుకుంటే. వీటన్నిటికంటే నిదానమైనది సాగదీత. పొద్దున మంచం దిగకముందే తువ్వాలు అరికాలికి వేసి మీ వైపు లాగండి. గోడకు చేతులానించి పిక్క సాగదీయండి. చాలామందికి నిలకడగా తగ్గేది దీంతోనే. కానీ ఆరు నుంచి ఎనిమిది వారాలు వదలకుండా చేయాలి. అందరికీ ఒకేలా తగ్గదు. కాబట్టి మధ్యలో వచ్చి చూపించుకోండి."

"ఎనిమిది వారాలా?" అన్నాడు ఓబులేసు. అప్పటికి రథసప్తమి అయిపోయింది. నవమికి ఉన్నవి సరిగ్గా రెండు నెలలు.

మూడు రోజులు తువ్వాలు లాగాడు. నాలుగో రోజు సాధనలో చెక్కలు పట్టి అరుగు మీద అడుగు వేయబోయాడు. మడమ ఆనీ ఆనగానే కెవ్వుమని కింద కూర్చున్నాడు.

"నా వల్ల కాదు తల్లులారా. ఆ తువ్వాలు లాగుడు పనికిరాదు" అన్నాడు. "ధర్మవరంలో నరాలు లాగే ఆయన ఉన్నాడంట. రేపు పోతా. ఆయన వల్లా కాకపోతే ఈ ఏడు గజ్జెపూజ లేదనుకోండి."

పదహారు ముఖాలు వాడిపోయాయి. తిమ్మక్క మాత్రం ముందుకొచ్చింది.

"అయ్యవారూ, తువ్వాలు ఎన్నాళ్ళు లాగినారు?"

"మూడు రోజులు."

"మొదట్లో నేను ఐదో రోజు రెండో అడుగు అడిగితే ఏం చేసినారు?"

ఓబులేసు తన చేతిలోని చెక్కల వైపు చూసుకున్నాడు.

"మీరు చెప్పకపోతే నేనే చేసి చూపిస్తా" అంటూ తిమ్మక్క ఆయన చేతిలోని చెక్కలు తీసుకుంది. నేరుగా మందిరంలోకి నడిచి రాములవారి పటం ముందు పెట్టింది. "అడుగు కాలికి వచ్చినాక తీసుకుందురులే!"

అందరూ గొల్లుమన్నారు. ఓబులేసు ముఖం ఎర్రబడింది. గురువు చెక్కలు శిష్యురాలు తీసుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. కోపంగా పటం వైపు చూశాడు. తన చెక్కలు దేవుడి పాదాల దగ్గర ఎంత బుద్ధిగా కూర్చున్నాయో! ఎన్నేళ్ళుగా ఎంతమందిని అక్కడ ఆపాడో గుర్తొచ్చింది. కోపం దిగిపోయింది. పటానికి చేతులు జోడించాడు.

"తిమ్మక్కా, ఇది నా మాటే. నాకే చెప్పావు" అన్నాడు. ఇంటికి పోయి, "సుంకమ్మా, పెరట్లో పడేసిన ఆ చెప్పులు ఇట్లా తీసుకురా" అని కేకేశాడు.

ఆ రోజు నుంచి చెప్పులతోనే ఇల్లంతా తిరిగాడు. సాధనలో కుర్చీలో కూర్చుని నోటితో తాళం చెప్పాడు. పొద్దున్నే సుంకమ్మ మంచం దగ్గర కాపలా ఉండేది. "తువ్వాలు లాగందే కాలు దించావో, కాఫీ లేదు!" అనేది. ఒక వారం గడిచింది, మార్పు లేదు. మూడో వారం మేకు కాస్తా ముల్లయింది. షాహీన్ దగ్గరికి వెళ్ళి చూపించుకున్నాడు, ఆమె కసరత్తు కొంచెం పెంచింది. ఏడో వారం ఒక పొద్దున ఓబులేసు మంచం దిగి పెరటి దాకా నడిచాడు. వెనక్కి వచ్చాక గానీ తాను మూలగలేదని తెలియలేదు.

నవమి వచ్చింది. మందిరం ముందు ఆ గట్టి అరుగు వదిలి, దాని కింది మట్టినేలను మెత్తగా చదును చేశారు. మూతి విరిచినవాళ్ళు కూడా చూడటానికి వచ్చారు. తిమ్మక్క పటం ముందున్న చెక్కలు తీసి, కళ్ళకద్దుకుని గురువు చేతిలో పెట్టింది.

"కాలికి వచ్చింది. తీసుకోండి అయ్యవారూ."

ఓబులేసు చెప్పులు విడిచాడు. రామనామం చెప్పి, నెమ్మదిగా, నిండుగా మొదటి అడుగు వేశాడు. మడమ చప్పుడూ చెక్కల చప్పుడూ ఒక్కటయ్యాయి. వెంటనే పదహారు జతల గజ్జెలు ఘల్లుమన్నాయి. రెండో అడుగు కోసం ఆయన ఆశపడలేదు. పక్కకు వచ్చి చెప్పులు తొడుక్కుని, "జోరు అడుగులు నువ్వే నడిపించు తిమ్మక్కా!" అన్నాడు. ఆమె నడిపించింది. ఆ మట్టినేల దద్దరిల్లింది.

చూశారా అమ్మలారా, అయ్యలారా! మందైనా విద్యైనా దాని గడువు దానికి ఇచ్చాకే మంచిచెడ్డలు తేల్చాలి. మూడు రోజులకొకటి మార్చేవాడికి ఏ వైద్యమూ కుదరదు, నిలకడగా ఒక్కదాన్ని పట్టుకున్నవాడే లేచి నడుస్తాడు.