తడి సుద్దముక్క

ఓబులేసుకు తెలివి ఎక్కువ, ఓపిక తక్కువ. ఎదుటివాళ్ళు సగం మాట అనేసరికి మిగతా సగం తనే పూర్తిచేసి, దానికి జవాబు కూడా చెప్పేసేవాడు. పాలకొండల కింద ఒక ఇంజినీరింగు కాలేజీలో మూడో ఏడు చదువుతున్నాడు. ఆ తొందర వల్ల ఇంతవరకు అతనికి మార్కులే వచ్చాయి గానీ చీవాట్లు రాలేదు.

ఇప్పుడు మాత్రం పీకల మీదికొచ్చింది. అతనూ సుభాషిణీ కలిసి ప్రాజెక్టు కింద ఒక చిన్న ప్రాసెసర్ కట్టారు. తెల్లారితే పరీక్ష చెయ్యడానికి బయటినుంచి పెద్దమనిషి వస్తాడు. అది లెక్క తప్పిందంటే ఇద్దరూ తప్పినట్టే. ఐదూ ఏడూ కూడి, వచ్చినదానికి మూడు కలపమంటే పదిహేను చూపించాలి కదా? మూడు చూపిస్తోంది! ఒక్కొక్క ఆదేశమే ఇచ్చి నెమ్మదిగా నడిపితే పదిహేనే వస్తుంది. పరుగెత్తించారా, మళ్ళీ మూడే.

మధ్యాహ్నం నుంచి వాన. కొండలు ఎటు పోయాయో కనిపించడం లేదు. ల్యాబులో కరెంటు పోయి, ఫ్యాన్ల రొద ఆగిపోయాక, గది గదంతా నీళ్ళలో మునిగినట్టు మెత్తగా అయిపోయింది.

"ఓబులేసూ, నువ్వు తీసేసినావే, ఆ..." అని సుభాషిణి మొదలుపెట్టింది.

"చిప్పా? అది కాలిపోయింది. మళ్ళీ పెడదామంటావు, అంతే గదా? కుదరదు."

సుభాషిణి కాసేపు అతన్నే చూసింది. తర్వాత లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. పాపం, ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచీ ఆ పిల్ల వరస ఇదే.

ఓబులేసు పక్కగదిలో ఉన్న ఖాదర్‌వలీ సారు దగ్గరికి పోయాడు. ల్యాబుకూ ఆయన గదికీ మధ్య ఉన్నది పల్చటి చెక్కగోడ, ఇటు మాట అటు వినిపిస్తుంది. కంప్యూటర్ లోపలి నిర్మాణం వాళ్ళకు చెప్పేది ఆయనే. ఆయనకు ఆయాసం, సుద్దపొడి పడదు. అందుకని బల్ల మీద గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని, సుద్దముక్క ముంచి రాస్తారు. రాసినప్పుడు బోర్డు మీద తడి తప్ప ఏమీ కనిపించదు. ఆరేకొద్దీ అక్షరాలు తెల్లగా పైకి తేలతాయి. అందాకా క్లాసంతా ఆవలిస్తూ కూర్చుంటుంది.

"సార్, తీగలన్నీ చూసినా. చిప్పులన్నీ చూసినా. అన్నీ బాగుండాయి. అయినా మూడే అంటాది."

"పుస్తకంలో ఉన్న ఆదేశాలు ఏమైనా వదిలేసినావా?"

"నాప్ ఒకటి తీసేసినా సార్."

నాప్ అంటే, లోపలి గడియారం ఒకసారి టిక్కుమనేంత సేపు ఏమీ చెయ్యకుండా ఊరుకో అని యంత్రానికిచ్చే ఆదేశం. దాని పేరెత్తితేనే ఓబులేసుకు ఒళ్ళుమంట.

"ఏమీ చెయ్యొద్దని చెప్పను కూడా ఒక ఆదేశమా సార్? నా మిషన్లో ఊరికే కూచునేవాళ్ళకు చోటు లేదు. ఒకటి పూర్తయ్యేలోపలే ఇంకోటి లోపలికి పోవల్సిందే."

సారు సుద్దముక్క గ్లాసులో ముంచి, బోర్డు దగ్గరికెళ్ళి ఏదో రాశారు.

"దీనికి జవాబు చెప్పు నాయనా."

బోర్డు నల్లగా, తడితడిగా మెరుస్తోంది.

"ఐదూ ఏడూ పన్నెండు సార్, దానికి మూడు..."

"అది కాదు. చదివి చెప్పు."

"ఎట్ల చదవల్ల సార్? ఇంకా ఆరలేదు గదా!"

అనేసి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

సారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. వానగాలికి సుద్ద ఒక పట్టాన ఆరదు. ఓబులేసు నిలబడ్డాడు. చెయ్యడానికి ఏమీ లేదు. ఇందాకటి నుంచీ పడుతున్న వాన అప్పుడు వినిపించింది అతనికి. కిటికీలోంచి మబ్బు వెలుతురు వచ్చి గ్లాసులో నీళ్ళ మీద ఊగుతోంది. తను కూడా కొంచెం ఊగుతున్నట్టే అనిపించింది. ఎంతసేపయిందో తెలీదు. బోర్డు మీద ముందు ఒక కొమ్ము తేలింది, తర్వాత ఒక గుడి, తర్వాత అక్షరాలన్నీ:

సుభాషిణి ఏం చెప్పబోయింది?

"తెలీదు సార్" అన్నాడు చిన్నగా. "నేను విననేలేదు."

సారు కళ్ళు తెరవలేదు.

వరండాలో సుభాషిణి చూరునీళ్ళ కింద అరచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"ఇందాక ఏదో చెప్పబోయినావు" అన్నాడు.

"నువ్వు తీసేసినావే, ఆ..." అని అలవాటుకొద్దీ ఆగింది, ఇక్కడ అతను అందుకుంటాడని. ఓబులేసుకు నాలుక దురద పెట్టింది. పళ్ళ బిగువున ఊరుకున్నాడు. ఇద్దరి మధ్యా వాన మాత్రమే చప్పుడు చేస్తోంది. ఆమె అనుమానంగా అతని ముఖం చూసి, గొంతు సవరించుకుంది.

"ఆ నాప్. మొదటి కూడిక జవాబు ఇంకా రాసిపెట్టకముందే రెండోది పోయి చదివేస్తాంది. అక్కడ పాత సున్నా ఉంటాది. సున్నాకు మూడు కలిపి మూడు అంటాంది. మధ్యలో కొన్ని నాప్‌లు పెడితే చాలు. వారం నుంచీ చెప్పల్లని చూస్తాన్నా."

ఓబులేసుకు సిగ్గేసింది. ఇంత సిగ్గు అతనికి ఎప్పుడూ వెయ్యలేదు.

కరెంటు వచ్చింది. ఇద్దరూ కూర్చుని నాప్‌ను తిరిగి చేర్చారు, రెండు కూడికల మధ్యా వరసగా పెట్టారు. ఓబులేసు మీట నొక్కి పూర్తి వేగంతో వదిలాడు. ఎర్రటి అంకెలు వెలిగాయి.

చెక్కతలుపు కిర్రుమంది. ఖాదర్‌వలీ సారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏమొచ్చింది నాయనా?" అని ఓబులేసును అడిగారు.

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఓబులేసు సుభాషిణి వైపు చూసి, ఊరుకున్నాడు.

"పదిహేను సార్" అంది సుభాషిణి.