దాహమడిగిన పృచ్ఛకుడు

“గురువుగారూ, చెదిరిపోయే మనస్సును మరొకరు కుదిర్చి పెడితే, ఆ కుదురు నాది కాకుండా పోతుందా?” అని హైమవతి అడిగింది.

విశ్వపతి శాస్త్రిగారు బాపట్లలో అవధాన విద్య నేర్పే పెద్దలు. ప్రశ్న వినగానే సమాధానం చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవారిని ఎగాదిగా చూసి, ఆ ప్రశ్న చాటున మరొక ప్రశ్న నక్కి ఉన్నదేమో అని అనుమానించి, ఆ తరువాత గాని నోరు విప్పరు. ఆనాడూ అంతే చేశారు.

“ఆ మరొకరు ఎవరు?” అన్నారు.

చెప్పకూడదనుకొనే వచ్చింది హైమవతి. కాని ఆ చూపు ముందు ఏదీ దాగదు. మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

చిన్ననాటినుంచీ ఆమె మనస్సు ఒక్కచోట నిలిచి ఎరుగదు. పిట్ట కూసినా, పుల్ల విరిగినా దాని వెంట పరుగు తీయవలసిందే. కాలేజీలో తెలుగు పాఠం చెబుతూ పద్యం సగంలో వదలి, కిటికీ బయట ఎవరిదో గొడుగు చూసి, గొడుగుల గురించి గంట కొట్టేదాకా మాట్లాడేది. పొయ్యిమీద పాలు పెట్టిన సంగతి మాడువాసన చెబితే గాని గుర్తుకు వచ్చేది కాదు. సోమరితనమని తల్లి, పొగరని ప్రిన్సిపాలు తేల్చివేశారు. ముప్పయ్యేళ్ళు దగ్గరపడ్డాక గుంటూరులో ఒక మానసిక వైద్యురాలు, ఇది ఏడీహెచ్‌డీ అనే అవధాన లోపమని చెప్పి మాత్రలు ఇచ్చింది. అవి కొంత మేలు చేశాయి గాని అవధానానికి ఆ మేలు చాలలేదు.

అవధానమంటే సామాన్యమా! చుట్టూ కూర్చున్న పృచ్ఛకులు ఒక్కొక్కరూ ఒక్కొక్క పద్యం అడుగుతారు. ఒక ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదమే చెప్పాలి. అన్ని పద్యాలనూ మనస్సులోనే కట్టుకుంటూ, కడపట ధారణలో అన్నిటినీ ఏకరువు పెట్టాలి. ఇది చాలదన్నట్లు అప్రస్తుత ప్రసంగి అనే ఒక పెద్దమనిషి నడుమ నడుమ అక్కరకురాని ప్రశ్నలు విసిరి మనస్సు చెదరగొడుతుంటాడు. అతనికీ చమత్కారంగా జవాబు చెప్పాలి. హైమవతి ఎన్నిసార్లు కూర్చున్నా మూడవ ఆవృత్తికి వచ్చేసరికి కట్టుకున్న పాదాలన్నీ కట్టుతెగిన మోపులా చెల్లాచెదరయ్యేవి.

ఇప్పుడు పురమందిరంలో ఆమె మొదటి అవధానం తలపెట్టారు. సంచాలకులుగా శాస్త్రిగారు కూర్చోవాలి. ఆయన సరే అంటే గాని ఆహ్వానపత్రం అచ్చుకు పోదు. ఆ భయంతోనే ఆమె గుంటూరులో ఒక మేడమెట్లు ఎక్కింది. “ప్రొఫెసర్ పరాంకుశం, సమ్మోహన చికిత్స” అని బోర్డు. ఏ కాలేజీ ప్రొఫెసరో బోర్డు చెప్పదు, ఆమె అడగలేదు. ఆయన ఆమెను వాలుకుర్చీలో కూర్చోబెట్టి, మెత్తని గొంతుతో నిద్రకూ మెలకువకూ నడుమనున్న ఏదో చోటికి తీసుకుపోయాడు. ఆ గొంతునే ఫోనులో పట్టి ఇచ్చాడు. పనికి కూర్చునే ముందు వింటే చాలునన్నాడు.

“పనిచేసింది గురువుగారూ! జవాబుపత్రాల కట్ట ముందేసుకుని, లేవకుండా అంతా దిద్దాను. నా జన్మలో అదే మొదటిసారి. దిద్ది ఏడ్చాను.”

శాస్త్రిగారు ఆమె ఫోనువైపు చూశారు.

“ఆ గొంతు ఏమంటుంది?”

“‘నీ మనస్సు ఒక చెరువు. నా మాట తప్ప ఏ గాలీ దానిమీద అల లేపదు’ అంటుంది.”

“మాత్రలు వేసుకో. వాటితో నాకు పేచీ లేదు. మాత్ర లోపలికి పోయి తన పని తాను చేసుకుంటుంది, మాట్లాడదు. ఈయన మాట్లాడుతున్నాడు.” ఆయన లేచారు. “ఆదివారం సాయంకాలం మన సావడిలో కూర్చుందాం. ఆ గొంతు వినే రా.”

ఇంటికి పోతుండగా హైమవతి మనస్సులో ఒక ముల్లు విరిగింది. ఇన్నేళ్ళుగా తాను చేయలేనిది ఎవడో మేడమీది మనిషి నెల తిరక్కుండా చేసి చూపాడని గురువుగారికి కష్టంగా ఉన్నదా? ఛీ, ఎంత మాట, అని తననే తిట్టుకున్నది. తిట్టుకున్నంతమాత్రాన ముల్లు ఊడి రాలేదు.

ఆదివారం వైశాఖపు ఎండ సావడి గోడలనుంచి ఇంకా దిగలేదు. పృచ్ఛకులుగా పెద్ద శిష్యులు, ఊరి పండితులు వచ్చి కూర్చున్నారు. అప్రస్తుత ప్రసంగానికి ఎప్పటివలెనే రామబ్రహ్మంగారు వచ్చారు. రైల్వే స్టేషను మాస్టరుగా పదవీ విరమణ చేసిన మనిషి, శాస్త్రిగారి బాల్యమిత్రుడు. ఆయన నోట పడి ఉక్కిరిబిక్కిరి కాని అవధాని ఆ చుట్టుపక్కల లేడు.

“రామబ్రహ్మం, ఈ పూటకు నీ పీఠం నాకియ్యి” అన్నారు శాస్త్రిగారు.

“అప్రస్తుతం నీకేం చేతనవునోయ్! పుట్టి బుద్ధెరిగాక ఒక్క పనికిమాలిన మాటైనా అన్నావా?”

“నేర్చుకుంటాను.”

గుమ్మంలో నిలబడ్డ శాస్త్రిగారి భార్య మీనాక్షమ్మగారు ఊరుకోలేదు. “కొత్తగా నేర్చుకోవడమెందుకు అన్నయ్యగారూ, ఇంట్లో ఆయన మాట్లాడేదంతా అదేగా!”

సావడి గొల్లుమన్నది. హైమవతి మాత్రం నవ్వలేదు. తన మొదటి పరీక్షకు గురువుగారే ఎదురు తిరిగి కూర్చున్నారు. ముల్లు మరికాస్త లోపలికి దిగింది. పెరట్లోకి పోయి ఫోను చెవిన పెట్టుకుని, ఆ గొంతు చివరంటా విని, వచ్చి అవధాని పీఠంమీద కూర్చున్నది.

ఆ పూట ఆమె అనుభవించినది ఇంతకుముందెన్నడూ ఎరుగని సుఖం. సమస్య ఇచ్చారు. దత్తపది ఇచ్చారు. వర్ణనకు ఎండవేళ చలివేంద్రం ఇచ్చారు. ప్రతి పాదమూ ఎవరో లోపల దీపం పట్టుకుని దారి చూపినట్లు నడిచి వచ్చింది. పృచ్ఛకుల గొంతులు దూరపుటొడ్డునుంచి వచ్చి, పని చెప్పి పోతున్నాయి. మూడవ ఆవృత్తి వచ్చింది, దాటిపోయింది, ఒక్క పాదమైనా జారలేదు. ధారణకు కళ్ళు మూసుకుని అన్ని పద్యాలూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. చలివేంద్రపు పద్యంలో బాటసారి దోసిలిలోకి జారే నీటిధారను తాను చూస్తున్నట్లే చెప్పింది.

ముగించి కళ్ళు తెరిచింది. “భళా” అంటారని చూసింది. ఎవరూ అనలేదు.

పండితులు ఒకరి మొగం ఒకరు చూసుకుంటున్నారు. రామబ్రహ్మంగారు చుట్టిన తాంబూలం చేతిలోనే పట్టుకుని ముందుకు వంగి ఉన్నారు. ఓహో, అందరూ కూడబలుక్కున్నారన్నమాట, అనుకుంది హైమవతి. ఆమెకు కోపం వచ్చింది.

“పద్యాలలో తప్పేమైనా ఉంటే చెప్పండి. అప్రస్తుత ప్రసంగం చేస్తానన్నారు, చేయనే లేదేం గురువుగారూ? నన్ను చులకన చేయడానికా?”

రామబ్రహ్మంగారు గొంతు సవరించుకున్నారు. “చేశాడు తల్లీ. ప్రతి ఆవృత్తిలోనూ చేశాడు.”

“ఏమని?”

“‘అమ్మాయీ, దాహంగా ఉంది’ అన్నాడు. మొదట మేమంతా నవ్వాం. చలివేంద్రం వర్ణన ఇచ్చారు గదా, దానిమీద ఏదో చమత్కారం అల్లుతున్నాడనుకున్నాం. నువ్వేం జవాబిస్తావో అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. నువ్వు పలకలేదు. మళ్ళీ అదే మాటన్నాడు. మళ్ళీ పలకలేదు. ఏమి పట్టుదల గురుశిష్యులిద్దరిదీ అని మెచ్చుకున్నాం కూడాను.”

హైమవతి గురువుగారి వైపు చూసింది. ఆమె ఎడమచేతి పక్కనే, పిలిస్తే ఊపిరి తగిలేటంత దగ్గరగా కూర్చున్నారాయన. పెదవులు పొరలు కట్టి తెల్లగా ఉన్నాయి.

ఆమె ఎప్పుడు లేచిందో, వంటింట్లోకి ఎట్లా పరుగెత్తిందో తెలియదు. నీళ్ళ చెంబుతో వచ్చింది. శాస్త్రిగారు చెంబు ఎత్తి గటగట తాగారు. ఖాళీ చేసి, మళ్ళీ చేయి చాపారు. అప్పుడు గాని సావడిలో ఉన్నవారికి ఆ మాటలో చమత్కారమేమీ లేదని అర్థం కాలేదు.

“అయ్యో, నిజం దాహమా!” మీనాక్షమ్మగారు నుదురు కొట్టుకున్నారు. “నేనూ మీ ఆటే అనుకుని నిలబడ్డానండీ. ఎనభయ్యేళ్ళ మనిషి, నన్ను పేరుపెట్టి పిలవకూడదూ?”

“ఇంతమంది వింటున్నారు గదా అనుకున్నాను” అన్నారు శాస్త్రిగారు.

ఆవిడ కోపమంతా హైమవతి మీదికి తిరిగింది. “నీ పద్యం బాగుందే అమ్మాయ్, బంగారంలా ఉంది. దాంట్లో పోసిన నీళ్ళకు మాత్రం ఎవరి గొంతూ తడవలేదు.”

హైమవతి తల వంచుకుంది. గురువుగారి గొంతు ఇన్నేళ్ళుగా ఆమె ఎంత రొదలోనైనా గుర్తుపట్టేది. పాదాలన్నీ చెదిరిపోయిన రోజులలో కూడా ఆయన దగ్గితే విన్నది, ఆయన నిట్టూరిస్తే విన్నది. ఈరోజు ఒక్క పాదమూ చెదరలేదు. ఆయన అడిగిన మాటే వినలేదు. చెరువుమీద ఏ గాలి లేవవచ్చునో, ఏది లేవరాదో ఆ మేడమీది మనిషి తనను అడగకుండానే నిర్ణయించాడని ఆమెకు అప్పుడు తోచింది.

రామబ్రహ్మంగారు నసుగుతూ అన్నారు. “ఇంతకీ ఆహ్వానపత్రం సంగతేమిటి శాస్త్రీ? అచ్చుకు ఇవ్వనా, ఆపనా?”

శాస్త్రిగారు శిష్యురాలివైపు చూశారు. జవాబు ఆమెనే చెప్పమన్నట్లు చేయి చూపారు.

“ఫోనులో ఆ వైద్యుడి గొంతు వినకుండా కూర్చుంటే మూడవ ఆవృత్తిలో తప్పుతాను గురువుగారూ” అన్నదామె.

“తప్పుతావు.”

“పురమందిరమంతా నవ్వుతుంది.”

“నవ్వనీ. ఆ నవ్వు నీకు వినిపిస్తుంది.”

హైమవతి కొంగుతో మొగం తుడుచుకుంది. “వినకుండానే కూర్చుంటాను” అన్నది, ఎవరికీ వినిపించీ వినిపించనట్లు. శాస్త్రిగారు రామబ్రహ్మంగారి వైపు తిరిగి, అచ్చుకు ఇమ్మన్నట్లు తల ఊపారు.

జనం లేవబోయారు. పండితులు ఉత్తరీయాలు సర్దుకుంటూ, ఈ కాలపు వైద్యాలు ఎంత మోసమో, ఎవడి గొంతో వింటే మనిషి ఎట్లా చెవిటిదవుతుందో చెప్పుకోసాగారు. ఆ మాటలు హైమవతికి గుచ్చుకున్నాయి. తాను చేసినదానికి తనకు సిగ్గున్నది. కాని ఈ తీర్పు చెప్పేవారి మొగాలలో ఆ సిగ్గు ఆమెకు ఎక్కడా కనబడలేదు.

ఆమె లేచి నిలబడింది. “నేను నిద్రలో ఉన్నాను, ఒప్పుకుంటున్నాను. వీరంతా మెలకువగానే ఉన్నారు. మీ మాట చెవులారా విన్నారు, ఒక్కసారి కాదు. ఒక్కరైనా లేచి గ్లాసెడు నీళ్ళివ్వలేదేం గురువుగారూ?”

గుమ్మం దాటబోతున్నవారు అక్కడే నిలిచిపోయారు.

శాస్త్రిగారు ఖాళీ చెంబును నెమ్మదిగా నేలమీద పెట్టారు.

“నిన్ను నిద్రపుచ్చినవాడి పేరైనా నీకు తెలుసునమ్మా. వీరికి అదీ తెలియదు” అన్నారు.