గిల్లేసిన ఆకు

"వాణ్ణి పంపెయ్యండి బాబా. వాడుంటే నేనుండను."

అనేసి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు దస్తగిరి. పెన్న ఒడ్డున మకాం పెట్టిన మస్తాన్ బాబా శిష్యులందరిలోకీ పాతవాడు అతను. అక్కడి వంటిల్లు, తోట, బావి అన్నీ అతని చేతుల మీదే నడిచేవి. పంపెయ్యమన్నది ఓబులేసుని. ఈమధ్యే వచ్చి చేరిన శిష్యుడు. మంచివాడే. కానీ ఆ నోరుందే! చీమ కుట్టినా ఏరు దాటి వినబడేలా "అమ్మో" అంటాడు.

"ఇవాళేమన్నాడు?" అడిగాడు బాబా.

"బావి తాడు చెయ్యి కోసిందంట. పీచులు లేచిపోయినాయంట. నలుగురి ముందూ ఒకటే గోల. ఉరుసు దగ్గరపడింది, రేపు నడుముకి ఆ తాడే కట్టుకుని బావిలో దిగి నేను పూడిక తీయాలి. ఇన్ని పనుల్లో వీడి ఏడుపొకటి! ఓర్పు నేర్చుకోను వచ్చినోడేనా వీడు?"

"నువ్వేమన్నావు?"

"నోరు మూసుకుని తోడమన్నాను."

బాబా నవ్వాడు. ఆయన నవ్వితే గడ్డమూ పొట్టా రెండూ ఊగుతాయి. ఫకీరు కాకముందు ఆయన కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పేవాడు.

"పంపేద్దాంలే. ముందు పూడిక పని రెండ్రోజులు ఆపి, నీ టమోటాలు చూపించు."

దస్తగిరి ముఖం విప్పారింది. ఆ తోటంటే అతనికి ప్రాణం. వచ్చినవాళ్లంతా ఆహా అనాలి. అందుకే పొద్దున్నే లేచి, పురుగు కొరికిన ఆకు కంటపడితే చాలు, గిల్లి పారేసేవాడు. ఎంత గిల్లినా ఈసారి పురుగు మాత్రం తగ్గడం లేదు, అదేం ఖర్మో.

బాబా ఒక మొక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. వంగి, ఒక ఆకుని పళ్లతో కసుక్కున కొరికాడు.

"బాబా!"

"థూ, ఏం చేదురా నాయనా! ఊఁ, ఆ ఆకు గిల్లెయ్. తొందరగా."

దస్తగిరి గిల్లేశాడు. బాబా పక్క మొక్కకి జరిగి దాని ఆకూ కొరికాడు. దస్తగిరి చెయ్యి అలవాటుగా ముందుకెళ్లింది. బాబా ఆ చేతిమీద చిన్న దెబ్బ వేశాడు.

"దీన్ని ఉండనీ."

మర్నాడు కంచె దగ్గర రెండు పచ్చపురుగుల్ని ఏరి, మొక్కకొకటి వదిలి, రెండింటికీ పాత దోమతెర గుడ్డ కప్పారు. ఆ మరుసటి రోజు గుడ్డ తీసి చూస్తే, గిల్లిన మొక్క పైకొమ్మకి ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. పురుగు బలిసి, పెళ్లిభోజనం చేసినవాడిలా పడుకుంది. రెండో మొక్క మీద చిన్న చిల్లులు రెండు మూడు, అంతే. ఆ పురుగు మొక్క వదిలేసి గుడ్డ పట్టుకుని వేలాడుతోంది.

"దీనికేం మందు కొట్టారు బాబా?"

"నా పంటిగాటే మందు. దెబ్బ తిన్న ఆకు ఊరుకోదు నాయనా. అందులో ఒక హార్మోను పుడుతుంది. జాస్మోనేట్ అంటారు, మల్లెపూల వాసనకి చుట్టం. దాంతో కబురు కాడల్లోంచి మిగతా ఆకులకి పోతుంది. అవి పురుగుకి అరగని సరుకు వండి సిద్ధంగా పెట్టుకుంటాయి. తిన్నదా, కడుపులో గడబిడే!"

"మరి ఈ మొదటి మొక్క?"

"దానికీ కబురందేదే. బయల్దేరకముందే నువ్వు గిల్లేశావు."

దస్తగిరి పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. చేతిలో గుడ్డ అక్కడే పడేసి బావి దగ్గరికి పరిగెత్తాడు.

చుట్టగా పెట్టిన తాడు పైకి బాగానే ఉంది. అరచేతుల్లోంచి మూరమూరగా లాగి చూశాడు. గిలక దగ్గర ఆడేచోట చురుక్కున గుచ్చుకుంది. లోపలి పేటలు తెగిపోయి ఉన్నాయి. ఒక కొస కాలికింద తొక్కిపట్టి బలంగా గుంజితే రెండు ముక్కలైంది. దస్తగిరి బావి గట్టు మీద చతికిలబడ్డాడు. లోపల నీళ్లు ఎంత అడుగునున్నాయో మొదటిసారి చూసినట్టు చూశాడు.

ఆ పూట వసారాలో అందరూ భోజనానికి కూర్చున్నారు. దస్తగిరి తన పళ్లెం తెచ్చుకుని ఓబులేసు పక్కన కూర్చున్నాడు. వాడి చేతికున్న కట్టు చూశాడు.

"తప్పు నాదే ఓబులేసూ. ఇంకేమన్నా ఇబ్బందిగా ఉందా?"

ఓబులేసు బిత్తరపోయి ఒకసారి బాబా వైపు చూశాడు.

"చెప్పొచ్చా అన్నా?"

"చెప్పు."

"పప్పులో ఉప్పెక్కువైంది. నా చాపలో నల్లులున్నాయి. బాబా కూర్చున్నచోట, ఆ పైన దూలం, గాలి వీస్తే కిర్రుకిర్రుమంటోంది..."

దస్తగిరి నోటిదాకా తెచ్చిన ముద్ద దించేసి పైకి చూశాడు. అందరూ చూశారు.

"ఆపొద్దు నాయనా, ఇంకా చెప్పు," అన్నాడు బాబా, పళ్లెం పట్టుకుని మెల్లగా పక్కకి జరుగుతూ.